పాత అంతరిక్ష తుపాకీ బొమ్మలు: కాలం గుర్తించడం, కాపాడుకోవడం ఎలా?

ఎనభై, తొంభై ఏళ్ల నాటి అంతరిక్ష తుపాకీ బొమ్మ చేతికి రాగానే ఎవరైనా మొదట చేసేది మీట నొక్కి చూడడం. నిజానికి అది ఆఖరున చేయవలసిన పని. ఏళ్ల తరబడి కదలని స్ప్రింగు తుప్పు పట్టి పెళుసుబారి ఉండవచ్చు, నిప్పురవ్వలు రప్పించే రాయి చక్రానికి అతుక్కుపోయి ఉండవచ్చు. ఒక్క నొక్కుతో విరిగిన భాగానికి బదులు దొరకడం చాలా కష్టం. అందుచేత మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద బొమ్మను పెట్టి, మంచి వెలుతురులో, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో ముందు అన్ని వైపులా నిదానంగా పరిశీలించాలి. రాబోయే కాలం ఇలా ఉంటుందని ఒక తరం వేసుకున్న అంచనా ఆ రేకులో అచ్చయి ఉంది. ఆ అంచనా ఏ కాలానిదో తెలుసుకోకుండా శుభ్రం చేయడానికి పూనుకుంటే, మురికితో పాటు ఆ అంచనా తాలూకు ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. కనుక చదవడం ముందు, చేయి పెట్టడం తరువాత.

రూపంలోని ఊహను చదవడం

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను, 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్న తరువాత, కంటికి కనిపించని కిరణం ఎంతటి పనైనా చేయగలదన్న భావన సామాన్య జనంలో వేళ్లూనుకుంది. 1924లో బ్రిటన్‌లో హ్యారీ గ్రిండెల్ మాథ్యూస్ అనే ఆవిష్కర్త తన దగ్గర మృత్యుకిరణం ఉందని ప్రకటించి పత్రికల్లో సంచలనం సృష్టించాడు. 1934 జులైలో నికోలా టెస్లా, తన 78వ పుట్టినరోజు సందర్భంగా, శత్రు విమానాలను చాలా దూరం నుంచే కూల్చగల కణపుంజం గురించి న్యూయార్క్‌లో విలేకరులకు వివరించాడు. సరిగ్గా అదే సంవత్సరం, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ప్లిమత్ పట్టణంలో ఎయిర్‌గన్‌లు తయారుచేసే డైసీ కంపెనీ ఎక్స్‌జెడ్-31 రాకెట్ పిస్టల్‌ను 50 సెంట్ల ధరకు విడుదల చేసింది. 1929 జనవరి 7 నుంచి పత్రికల్లో రోజూ వస్తున్న బక్ రోజర్స్ అనే బొమ్మల కథలోని ఆయుధానికి అది నమూనా. ఆ మరుసటి ఏడాది బ్రిటిష్ వాయుసేన మంత్రిత్వ శాఖ మృత్యుకిరణం సాధ్యమేనా అని రేడియో శాస్త్రవేత్త రాబర్ట్ వాట్సన్-వాట్‌ను అడగగా, ఆయన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్కలు కట్టి అది అయ్యే పని కాదనీ, రేడియో తరంగాలతో విమానాల జాడ మాత్రం పట్టవచ్చనీ తేల్చాడు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ వద్ద జరిగిన ప్రయోగంతో రాడార్‌కు దారి పడింది. పిల్లల బొమ్మలోని ఊహా, ప్రభుత్వాల ఊహా అప్పట్లో అంత దగ్గరగా నడిచాయి. అందుకే ఈ బొమ్మలను కేవలం ముచ్చటగా చూసి వదిలేయడానికి నాకు మనసొప్పదు.

ఎక్స్‌జెడ్-31ను చేతిలోకి తీసుకుంటే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. దాదాపు తొమ్మిదిన్నర అంగుళాల పొడవు, అచ్చొత్తిన ఉక్కు రేకు, నిజం తుపాకీకి ఉండే నీలి నలుపు రంగు. గొట్టం మీద వరుస కట్లు, గుండ్రని ఒంపులు కనిపిస్తాయి. ఆనాటి మోటారు సైకిల్ ఇంజన్ సిలిండర్‌కు వేడి తగ్గించే రెక్కలుండేవి, రేడియోలో తీగ చుట్టలుండేవి, విమానానికి గాలిని కోసే ఒంపులుండేవి. ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చి, 'ఇందులో అపారమైన శక్తి ఉంది, అది వేడెక్కుతుంది' అని చూపే భాషను బొమ్మల రూపకర్తలు తయారు చేసుకున్నారని నేను భావిస్తాను. లోపల ఉన్నది మాత్రం డైసీ వారికి కొట్టిన పిండి అయిన పాత విద్యే: బిగించి వదిలితే టప్‌మనే యంత్రం.

ఆ తరువాత వచ్చిన ఎక్స్‌జెడ్-38 డిసింటిగ్రేటర్ పిస్టల్ రాగి రంగులో ఉంటుంది. మీట నొక్కినప్పుడు లోపల రాలే రవ్వలు పైనున్న చిన్న కిటికీలోంచి కనిపిస్తాయి. ఎరుపు, పసుపు రంగుల్లో వచ్చిన ఎక్స్‌జెడ్-44 నీళ్ల తుపాకీకి 'లిక్విడ్ హీలియం' అన్న పేరు పెట్టారు. 1908లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్నెస్ హీలియాన్ని దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవంగా మార్చిన వార్త, పావు శతాబ్దం తిరిగేసరికి పిల్లల జేబుల్లోకి చేరిందన్నమాట. పేర్లను ఇలా చదవడం అలవాటు చేసుకుంటే బొమ్మ వయసు చాలావరకు దానంతట అదే బయటపడుతుంది.

యుద్ధం తరువాతి పేర్లు ఇంకా సూటిగా మాట్లాడతాయి. 1946లో డైసీ యు-235 అటామిక్ పిస్టల్‌ను, 1948లో యు-238ను తెచ్చింది. రూపురేఖల్లో ఇవి ఎక్స్‌జెడ్-38కు దగ్గరి బంధువులు. మారినది పేరు, ఆ పేరు వెనుక ఉన్న భయం. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన బాంబులో ఉన్నది యురేనియం-235. యురేనియం-238లో గొలుసు చర్య దానంతట అది కొనసాగదు, అయినా అంకె పెద్దది కాబట్టి కొత్త బొమ్మకు ఆ పేరే నప్పిందేమో. ఒక తరం పిల్లలు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు వేరైన రకాల) సంఖ్యలను ఆట మాటలుగా నేర్చుకున్నారన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌కు చెందిన హబ్లీ కంపెనీ 1954లో చేసిన అటామిక్ డిసింటిగ్రేటర్‌లో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది: జింకు పోతతో చేసిన బరువైన ఒళ్లు, ఎర్రటి ప్లాస్టిక్ పిడి, గొట్టం చుట్టూ గొట్టాలు, మీటర్లు, తిప్పలేని బిరడాలు. పేలేది మాత్రం మామూలు కాగితపు టపాసు చుట్ట.

1957 అక్టోబరు 4న తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక రాకెట్లు, ఉపగ్రహాలు పెట్టెల మీద బొమ్మలుగా విరివిగా వచ్చాయి. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడోర్ మేమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. ఆ మాట శాస్త్రవేత్తల వాడుకలోకి వచ్చింది అంతకు కొద్దికాలం ముందే కనుక, బొమ్మ మీదో పెట్టె మీదో 'లేజర్' అని ఉంటే అది 1960కి ముందుది కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

కాలం తేల్చే గుర్తులు

పేరు, రూపం కలిసి దశాబ్దాన్ని చెబుతాయి. అంతకంటే దగ్గరగా రావాలంటే అక్షరాలను చూడాలి. అమెరికన్ బొమ్మల మీద ప్యాటెంట్ సంఖ్య ఉంటే అది మంచి ఆధారం. అక్కడి 20,00,000వ ప్యాటెంట్ 1935 ఏప్రిల్ 30న జారీ అయింది, 30,00,000వది 1961లో. అంటే ఇరవై లక్షలు దాటిన సంఖ్య ఉన్న బొమ్మ 1935 ఏప్రిల్‌కు ముందు తయారై ఉండదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్యాటెంట్ సంఖ్య బొమ్మ ఎప్పటి తరువాతదో చెబుతుందే తప్ప ఎప్పటిదో చెప్పదు, ఎందుకంటే అదే అచ్చును కంపెనీలు ఏళ్ల తరబడి వాడేవి. పైగా రూపానికి ఇచ్చే డిజైన్ ప్యాటెంట్లకు వేరే సంఖ్యల వరుస ఉంది. ఆ సంఖ్య ఎప్పుడూ చాలా చిన్నదిగా ఉంటుంది. దాన్ని మామూలు ప్యాటెంట్ అనుకుంటే బొమ్మ పంతొమ్మిదో శతాబ్దానికి వెళ్లిపోతుంది.

పెట్టె దొరికితే అదృష్టమే. అమెరికా చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే ఆ పెట్టె 1963 జులై తరువాతిది. ఊరి పేరు పక్కన ఒకటి రెండంకెల తపాలా మండలం సంఖ్య మాత్రమే ఉంటే 1943కూ 1963కూ మధ్యది అయ్యే అవకాశం ఎక్కువ. బార్‌కోడ్ ఉందంటే 1974కు ముందుది కాదు, ఎందుకంటే దుకాణంలో తొలి బార్‌కోడ్‌ను చదివింది 1974 జూన్ 26న. డైసీ కంపెనీ 1958లో ప్లిమత్ నుంచి ఆర్కన్సా రాష్ట్రంలోని రోజర్స్ పట్టణానికి మారింది కనుక ఊరి పేరు కూడా సాక్ష్యమే. 1942లో అమెరికా ప్రభుత్వం బొమ్మల్లో లోహం వాడకంపై కఠినమైన ఆంక్షలు పెట్టింది. 1943లో చేసిన ఉక్కు తుపాకీ అని ఎవరైనా అంటే ఆ మాటను అనుమానించాలి. గొట్టం చివర మెరిసే నారింజ రంగు బిరడా ఫ్యాక్టరీలోనే అమర్చి ఉంటే, అది ఎక్కువగా 1988 నాటి చట్టం తరువాతి తయారీ.

జపాన్ రేకు బొమ్మలకు వేరే వర్ణమాల ఉంది. 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' (ఆక్రమణలో ఉన్న జపాన్‌లో తయారైనది) అన్న ముద్ర 1947కూ 1952కూ మధ్య కాలాన్ని తెలియజేస్తుంది. కంపెనీ గుర్తులు చిన్న అక్షరాలుగా పిడి కిందో, పక్క రేకు మీదో దాగి ఉంటాయి: టి.ఎన్. అంటే నొమురా, టి.ఎమ్. అంటే మసుదాయా, ఎస్.హెచ్. అంటే హోరికావా, కె.ఓ. అంటే యోషియా.

అసలుదా, నకలా?

రేకు బొమ్మల తయారీ విధానం తెలిస్తే నకలును పట్టుకోవడం సులువు. తగరం పూత పూసిన ఉక్కు రేకును చదునుగా ఉన్నప్పుడే లితోగ్రఫీ పద్ధతిలో రంగులతో అచ్చువేసి, తరువాత కోసి, ఒత్తి, ఒక సగానికున్న చిన్న నాలుకలను రెండో సగంలోని చీలికల గుండా దూర్చి మడిచేవారు. అందువల్ల అసలు బొమ్మలో రంగు రేకుతో పాటే వంగి ఉంటుంది. గుంట లోతుల్లోకి కూడా గీతలు సాగిపోతాయి, అంచు తెగిన చోట మెరిసే లోహం కనిపిస్తుంది. పాత అచ్చులో ప్రతి రంగునూ విడివిడిగా, నిండుగా వేయడం ఎక్కువ. భూతద్దం కింద ఎరుపు, పసుపు, నీలం, నలుపు చుక్కలు గులాబీ రేకుల్లా క్రమంగా పరుచుకుని కనిపిస్తే ఇటీవలి అచ్చని అనుమానించాలి. ముఖ్యంగా పెట్టెల నకళ్లు ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతాయి. పాత అట్ట లోపలి అంచు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. తెల్లగా మెరుస్తుంటే అది నిన్న మొన్నటిదే.

నాలుకలను తప్పక చూడాలి. ఫ్యాక్టరీలో ఒక్కసారి మడిచిన నాలుకకు ఒకే మడత ఉంటుంది. పక్కన అదనపు గీతలు, పగుళ్లు, ఊడిన రంగు ఉంటే ఎవరో విప్పి మళ్లీ మూసారని అర్థం. లోపలి భాగాలు మారి ఉండవచ్చు. అది నేరమేమీ కాదు, కాని అమ్మేవారు చెప్పవలసిన విషయం. ఒకసారి నేను 'ముట్టనిది' అని రాసి ఉన్న రవ్వల తుపాకీని కొని, ఇంటికి తెచ్చి చూస్తే నాలుగు నాలుకల్లో రెండింటికి జిగురు అంటించి ఉంది. అప్పటి నుంచి నాలుకలను లెక్కపెట్టనిదే డబ్బు తీయడం మానేశాను.

విప్పడం, శుభ్రం చేయడం

విప్పకుండా పని జరిగితే విప్పకపోవడమే మేలు. రేకు నాలుక రెండు మూడు మడతలకే విరిగిపోతుంది. ముందు తుపాకీ గొట్టం నోటిలోంచి, కిటికీ సందుల్లోంచి చిన్న టార్చిలైటు వేసి లోపల ఏముందో చూడాలి.

జపాన్ రవ్వల తుపాకీలో కనిపించేది ఇది. మీటకు తగిలించిన పళ్ల చక్రం, దాని ఇరుసు మీదే గరుకు పదార్థం పూసిన మరో చిన్న చక్రం, దానికి ఆని ఉండే సన్నని రాగి లేదా ఉక్కు పట్టీ, ఆ పట్టీ చివర బియ్యపు గింజంత రాయి. మీట నొక్కితే చక్రం గిర్రున తిరిగి రాయిని రాస్తుంది, రవ్వలు రాలుతాయి. రవ్వలకు సహజంగా ఉండేది పసుపు తెలుపు కలిసిన రంగే. ఎర్రగా, పచ్చగా కనిపించేది రేకు కిటికీలకు అతికించిన రంగు పొర వల్ల. ఆ రాయి నిజానికి రాయి కాదు, 1903లో ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ రూపొందించిన ఇనుము, సీరియం మిశ్రమం. సిగరెట్ లైటర్లలో వాడేది కూడా అదే. అందుచేత అరిగిపోయిన రాయికి బదులు లైటరు రాయిని తగిన పొడవుకు తగ్గించి అమర్చవచ్చు. అయితే తేమ తగిలిన పాత రాయి బూడిద రంగు పొడిగా ఉబ్బి గూటిలో ఇరుక్కుంటుంది. దాన్ని సూదితో పొడిచి లాగకూడదు. గూటి నోరు కిందికి ఉండేలా పట్టుకుని, పుల్ల కొనతో కొద్దికొద్దిగా రాల్చాలి, ఆ పొడిని పీల్చకుండా ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. చక్రం ఇరుసుకు గడియారాలకు వాడే సన్నని నూనె ఒక్క చుక్క, అదీ సూది మొనతో, చాలు. గరుకు చక్రం మీద నూనె పడితే రవ్వలు రావు.

పైభాగం శుభ్రం చేయడంలో తొందర వద్దు. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. అచ్చు రేకు మీద, కనిపించని మూలలో, కొద్దిగా తడిపి పిండిన దూది పుల్లను మెల్లగా ఆడించి చూడాలి. దూదికి రంగు అంటుకుంటే అక్కడితో ఆపేయాలి. పాత లితో రంగుల మీద స్పిరిట్, అసిటోన్, ఇంట్లో గాజు తుడిచే ద్రవాలు వాడరాదు. స్టీల్ పీచు, పాలిష్ పేస్టు ముట్టుకోనే కూడదు. ఎక్స్‌జెడ్-31 నీలి నలుపును గోధుమ తుప్పని భ్రమపడి రుద్ది, తళతళలాడే ఉక్కు ముక్కగా మార్చిన వారున్నారు. ఆ మెరుపు ఆ కాలపు ఊహలో ఎన్నడూ లేదు. తుడిచిన తరువాత మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని (పెట్రోలియం నుంచి తీసే మెత్తటి మైనం) పలుచగా రాసి మెత్తటి గుడ్డతో తీసివేస్తే తేమకు అడ్డుగా నిలుస్తుంది.

టపాసులు పేల్చిన జింకు తుపాకీ అయితే సుత్తి చుట్టూ చూడాలి. టపాసు మందులోని క్లోరేటు, భాస్వరం కాలిన తరువాత మిగిలే లవణాలూ ఆమ్లమూ గాలిలోని తేమను పీల్చుకుని లోహాన్ని తింటాయి. తడి దూది పుల్లలతో ఆ మసిని తీసి వెంటనే ఆరబెట్టాలి. పోత మీద సన్నని పగుళ్లు వలలా అల్లుకుని, అంచులు ఉబ్బి ఉంటే అది మురికి కాదు, జింకులో కలిసిన సీసం వంటి మలినాల వల్ల లోపలి నుంచి వచ్చే క్షయం. దానికి మందు లేదు. యుద్ధానికి ముందు పోతల్లో ఇది ఎక్కువ. పొడి వాతావరణంలో ఉంచి, చేతులతో తరచుగా ముట్టకుండా చూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

బ్యాటరీతో వెలిగే వాటిలో బ్యాటరీ ఉండిపోతే చేతి తొడుగులు వేసుకుని తీయాలి. ఆల్కలైన్ బ్యాటరీ కారి పేరుకున్న తెల్లటి పొరను కొద్దిపాటి వినిగర్ అద్దిన దూదితో, పాత జింకు-కార్బన్ బ్యాటరీ కారినదాన్ని నీటిలో కలిపిన వంటసోడాతో తీసి, ఆపై నీటి దూదితో తుడిచి ఆరబెట్టాలి. రెండింటినీ తారుమారు చేస్తే పనిచేయదు.

అమెరికాలో బొమ్మల రంగుల్లో సీసాన్ని తీవ్రంగా పరిమితం చేసింది 1978లో. అంతకు ముందరి రంగు పూతల్లో సీసం ఉండవచ్చు కనుక వాటిని గీకరాదు, ఉప్పు కాగితంతో రుద్దరాదు, చిన్నపిల్లల నోటికి అందనివ్వరాదు. పని ముగిశాక చేతులు కడుక్కోవాలి.

దాచడం, రాసి పెట్టడం

గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉన్న చోటు మంచిది. ఓక్ వంటి చెక్కతో చేసిన మూసిన బీరువాల్లో చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి జింకును, సీసాన్ని దెబ్బతీస్తుంది. రేకు అలమారా మేలు. పెట్టెలో పెట్టేటప్పుడు రబ్బరు బ్యాండ్లు వేయకూడదు, వార్తాపత్రికలు చుట్టకూడదు, ఆమ్లం లేని కాగితం వాడాలి. ప్లాస్టిక్ తుపాకీ దగ్గర వినిగర్ వాసన వస్తే అది సెల్యులోజ్ అసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ విడిపోతున్న సూచన. దాన్ని వెంటనే మిగిలిన వాటి నుంచి వేరు చేసి, గాలి ఆడే చోట ఉంచాలి. ముద్రించిన పెట్టెలకు ఎండ తగలనీయరాదు, ఎర్ర రంగు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది.

ప్రతి బొమ్మకూ ఒక కాగితం రాసి పెట్టండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు దొరికింది, పొడవు, బరువు, ముద్రల్లోని ప్రతి అక్షరం, ఏ నాలుక విరిగింది, ఏ రాయి మార్చారు, ఏ రోజున. మార్చిన పాత రాయి ముక్కనూ, విరిగిన స్ప్రింగునూ పారవేయకుండా ఒక చిన్న కాగితపు పొట్లంలో కట్టి ఆ కాగితానికే జతచేయండి. ఇవన్నీ అయిన తరువాత, తుపాకీ గొట్టం నోటిని గోడ వైపు పెట్టి, దీపం ఆర్పి, మీట ఒక్కసారి నొక్కండి.